బడి పత్రిక పెడతానన్న నా బిడ్డకు

బిడ్డా,

బడిలో పత్రిక పెడతానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పుడు ప్రింటింగ్ షాపు నిండా గిరాకీ ఉంది, నిదానంగా మాట్లాడే వీలు లేకపోయింది. పైగా ఇవి ఫోన్‌లో విని మర్చిపోయే సంగతులు కావు, దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ చూసుకోవాల్సినవి. అందుకే రాస్తున్నాను.

నువ్వు చెప్పిన బాధ నాకు అర్థమైంది. చివరి గంట కొట్టగానే బడి ఖాళీ. పీఈటీ సారు ఖోఖోకు పిలిస్తే జట్టుకు కావాల్సిన తొమ్మిది మంది కూడా ఆగడం లేదు. లైబ్రరీ గది తాళం తీసినా లోపలికి వచ్చేది ఇద్దరో ముగ్గురో. చెకుముకి సైన్స్ పరీక్షకు ఎవరు చదువుతున్నారో పక్క సెక్షన్‌కు తెలియదు. పత్రిక వస్తే పిల్లలు సాయంత్రం ఆగుతారని నీ నమ్మకం. నాకూ ఆ నమ్మకం ఉంది. కాకపోతే అది ఎలాంటి పత్రిక అన్నదాని మీదే అంతా ఉంది.

సురవరం ప్రతాపరెడ్డి గారు మన గద్వాల ప్రాంతం మనిషే. 1926లో హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నిజాం కాలం అది, ఆఫీసుల్లోనూ చదువుల్లోనూ ఉర్దూదే పెత్తనం. తెలంగాణలో కవులే లేరని అప్పట్లో ఒకాయన రాశారు. ప్రతాపరెడ్డి గారు దానికి కోపంగా ఒక జవాబు రాసి ఊరుకోలేదు. జిల్లాల్లో ఉన్న కవులను పద్యాలు పంపమని అడిగారు, వచ్చినవన్నీ పోగుచేశారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చయింది. ఆ కవులు అంతకుముందూ ఉన్నారు బిడ్డా. వాళ్లను అడిగి, పేరు పెట్టి, అందరినీ ఒకచోట అచ్చు వేసినవాళ్లే లేరు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం కనిపించినప్పుడల్లా నాకు ఆ 354 గుర్తొస్తుంది.

నీ పత్రిక చేయాల్సిన పని కూడా అదే. 'విద్యార్థులందరూ ఆటపాటల్లో పాల్గొనాలి' అని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా ఒక్కరూ ఆగరు. ఆ మాట పెద్దసారు రోజూ చెబుతూనే ఉన్నారు కదా. అదే 'మంగళవారం సాయంత్రం ఏడో తరగతి అమ్మాయి వరసగా ముగ్గురిని ఔట్ చేసింది' అని ఆ పిల్ల పేరు, ఇంటిపేరు, ఊరు వేసి రాయి. ఆ కాగితం ఆమె ఇంటికి పోతుంది. చదవడం రాని అవ్వ పక్కింటివాళ్లతో చదివించుకుంటుంది. మళ్లీ వారం ఆ పిల్ల ఆగుతానంటే ఇంట్లో వద్దనడం కష్టం.

పేర్ల విషయంలో మాత్రం ప్రాణం పెట్టు. పెళ్లి పత్రిక ప్రూఫు చేతికిస్తే ఎవరైనా మొదట వెతికేది తమ పేరే. అందులో ఒక్క ఒత్తు తప్పినా ముఖం మాడిపోతుంది, ఇక మిగతాదేదీ కంటికి ఆనదు. పేరు ఎలా రాయాలో ఆ పిల్లనే నీ నోట్‌బుక్‌లో రాయమను. హాజరు పట్టీలో ఉన్నది ఒప్పు అనుకోకు, అందులోనూ తప్పులుంటాయి. గెలిచినవాళ్ల పేర్లతో ఆపొద్దు. ఓడిన జట్టు, స్కోరు రాసినవాళ్లు, సున్నం గీతలు గీసినవాళ్లు, అందరూ రావాలి. మొదటి ర్యాంకుల పిల్లల పేర్లు ఎలాగూ నోటీసు బోర్డు మీద ఉంటాయి, నీ నాలుగు పేజీల్లో వాళ్లకు మళ్లీ చోటు అక్కర్లేదు. సూక్తులూ వద్దు, ఎక్కడినుంచో కాపీ కొట్టిన జనరల్ నాలెడ్జీ వద్దు. మీ బడి ఆవరణలో జరగనిదేదీ మొదటి పేజీలోకి రానివ్వకు.

ఇంకో నియమం పెట్టుకో. ఏ సంగతి గురించి రాయాలన్నా రాసేవాళ్లు అక్కడ ఉండి తీరాలి. ఖోఖో వార్త రాసేవాళ్లు గ్రౌండ్‌లో నిలబడాలి, లైబ్రరీ గురించి రాసేవాళ్లు ఆ గదిలో కూర్చోవాలి. నీకు ఆరుగురు విలేకరులు దొరికితే సాయంత్రం బడిలో ఆగేవాళ్లు అప్పుడే ఆరుగురు పెరిగినట్టు. వాళ్లు ఊరికే చూస్తూ ఉండలేరు, రెండోసారికి ఎవరో ఒకరు ఆటలోకి లాగుతారు.

అందంగా రాయగలిగినవాళ్లనే తీసుకోవద్దు. ఢిల్లీలో బాలక్‌నామా అని ఒక పత్రిక ఉంది. వీధుల్లో బతికే పిల్లలు, పనులకు పోయే పిల్లలు కలిసి 2003 నుంచి నడుపుతున్నారు. రాయడం రాని పిల్లలు జరిగింది నోటితో చెబుతారు, రాయగలిగినవాళ్లు రాసుకుంటారు. అలా చెప్పేవాళ్లను అక్కడ బాతూనీ రిపోర్టర్లు అంటారు. మీ బడిలో వెనక బెంచీల్లో కూర్చుని అన్నీ గమనించే పిల్లలు ఎంతమంది లేరు! ఆరో తరగతి పిల్లలకు బడి సంగతులు మీ పెద్దవాళ్లకంటే ఎక్కువ తెలుస్తాయి. వాళ్లు చెబితే నువ్వు రాసుకో, కింద వాళ్ల పేరు వెయ్యి.

ఇక ఆగనివాళ్ల సంగతి. వాళ్ల మీద కోపం పెట్టుకోకు, ముందు కారణం అడుగు. పల్లెవెలుగు బస్సు పోతే మళ్లీ దొరకదని కొందరంటారు. చీకటి పడితే ఆడపిల్ల ఒక్కతే ఆటోలో రావద్దని ఇంట్లో అంటారు. మన గద్వాల నడిగడ్డలో ఇంకో పెద్ద కారణం ఉంది, అది నీకూ తెలుసు. విత్తనాల కోసం వేసే సీడు పత్తి. పూలను చేత్తో కలిపే క్రాసింగ్ పని మొదలైతే మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా మొగ్గలు ఒలవాలి, తెల్లారి పుప్పొడి అద్దాలి. ఆ రోజుల్లో బడికి రావడమే గగనమైన పిల్లను ఖోఖోకు ఎందుకు రాలేదని పత్రికలో అడగడం అన్యాయం. చేలకు పోయే పిల్లల పేర్లు వేయకు, వాళ్లకూ ఇంట్లోవాళ్లకూ ఇబ్బంది. కారణాలు మాత్రం దాచకుండా రాయి. ఎన్ని ఊళ్ల పిల్లలు ఏ బస్సు మీద ఆధారపడ్డారో లెక్క తీసి వేస్తే పెద్దసారు డిపోకు అర్జీ పెట్టడానికి అదే ఆధారం అవుతుంది. సాయంత్రం కుదరనివాళ్ల కోసం మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట లైబ్రరీ తెరవమని కూడా అడగొచ్చు. ఎవరూ అడక్కపోతే, పిల్లలకు ఆసక్తి లేదనే పెద్దలు అనుకుంటారు.

జరిగిందే కాదు, జరగబోయేదీ వెయ్యి. చివరి పేజీలో పైన ఒక డబ్బా గీసి వచ్చే పదిహేను రోజుల్లో ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరిని కలవాలో రాయి. 'త్వరలో' అనే మాట ఎక్కడా ఉండకూడదు. పొద్దున ప్రార్థనలో పేపర్ వార్తలు చదువుతారు కదా, ఢిల్లీ వార్త, జిల్లా వార్త అయ్యాక మన బడి వార్త ఒకటి చదవనివ్వమని పెద్దసారును అడుగు. పత్రిక అందనివాళ్లకు కూడా అలా చేరుతుంది.

అచ్చు సంగతి నాకు వదిలెయ్. మొదటి రెండు సంచికలు చార్టు మీద చేత్తో రాసి గోడకు అంటించండి. దానికి ఖర్చు లేదు, ఎవరు ఆగి చదువుతున్నారో కళ్లారా చూడొచ్చు. ఆ తర్వాత ఏ3 కాగితం రెండువైపులా వేసి మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. ఐదో పేజీ కావాలంటే మాత్రం ఎనిమిదికి పోవాల్సిందే, కాబట్టి నాలుగుకు సరిపడానే రాయండి. రాసిన కాగితాలు వెలుతురులో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే నేను రాత్రి షాపు మూసే ముందు కంపోజ్ చేస్తాను. పెళ్లి పత్రికలకైతే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు వాడతాం, నీకు మాత్రం ఏ కంప్యూటర్‌లోనైనా కనిపించే యూనికోడ్‌లో చేస్తాను, రేపు మీ బడి కంప్యూటర్‌లో మీరే దిద్దుకోవచ్చు. సురవరం పేరుతోనే ఒక యూనికోడ్ ఫాంట్ ఉంది, ఉచితం. పత్రిక పేరు దాంతోనే పెడదాం. ఆ పేరు ఏంటో మాత్రం నువ్వొక్కదానివే తేల్చకు, పిల్లలందరినీ చీటీలు వేయమను.

అచ్చుకు పోయే ముందు ప్రతి సంచికా పెద్దసారుకు చూపించు. ఆడపిల్లల ఫొటో వేయాలంటే వాళ్లనూ ఇంట్లోవాళ్లనూ అడిగాకే.

దసరా సెలవులకు ముందు గోడ సంచిక ఒకటి రావాలి. నేను పండక్కి వచ్చినప్పుడు ఆ చార్టు చూస్తాను. అవ్వకు చెప్పి నీ చిన్న నోట్‌బుక్ ఎప్పుడూ సంచిలోనే ఉంచుకో, మొదటి పేజీలో పీఈటీ సారు ఏ రోజుల్లో ఆటలు పెడుతున్నారో ఇవాళే రాసుకో.

మీ నాయన