నోట్లో నాలుక లేదనకండి

సంపాదకునికి,

ఇంటికి చుట్టాలొస్తే గది దాటి రాని పిల్లాణ్ని చూపించి, వాడి ముందే ‘మావాడికి నోట్లో నాలుక లేదండీ’ అనేస్తాం. తక్కువ మాట్లాడటం స్వభావం, జబ్బేమీ కాదు. దాన్ని వదిలించడానికి సెలవుల్లో వేలు పోసి పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుల్లో చేర్చేవాళ్లూ ఉన్నారు. మైకు చేతికిచ్చి స్టేజీ ఎక్కిస్తే బెరుకు పోతుందట! కొందరికి ఇంకా పెరగొచ్చు.

నేను పాఠం చెప్పే తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి జవాబు తెలిసినా చెయ్యెత్తేది కాదు. ప్రశ్న ముందురోజే చెప్పి, జవాబు బోర్డు మీద రాయమన్నాను. రాసింది. తరవాత మాకు వీపు చూపిస్తూనే, రాసింది గట్టిగా చదివింది. ఆరంభానికి అది చాలు.

బడి నుంచి రాగానే ‘ఏం చెప్పారు, ఎన్నొచ్చాయి’ అని చుట్టుముట్టకుండా ఓ అరగంట వాళ్ల మానాన వదిలేయండి. ఈ టీనేజీ వయసులో 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. తెల్లవారుజామునే స్టడీ అవర్లు పెట్టే హాస్టళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? అక్కడ ఒంటరిగా కూర్చునే చోటూ ఉండదు. మొటిమల గురించి, రంగు గురించి బంధువులు విసిరే జోకులను పెద్దలే అక్కడికక్కడ ఆపాలి.

అయితే ఇష్టమైన పనులూ మానేసి, తిండీ నిద్రా తగ్గి, రోజుల తరబడి దిగులుగా ఉంటే అది సిగ్గు అనుకుని ఊరుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు ప్రతి బడి నోటీసు బోర్డు మీదా ఉండాలి.

– ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం