సస్పెన్షన్ శిక్ష కాదట! విద్యాశాఖ మంత్రి గారికి ఆదోని నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

సస్పెన్షన్‌లో ఉన్న ఒక ప్రభుత్వ టీచరు భార్య నమస్కరించి రాసుకునేది.

ముందే చెప్పేస్తున్నాను సార్. ఈ లేఖ రాసింది నేను. ఫోను నాది, సిమ్ము నా పేరు మీదే ఉంది, మా ఆయనకు చూపించలేదు. నేను ఇంట్లో మిషన్ కుట్టుకునే మనిషిని కాబట్టి నాకు మెమో ఇచ్చే రూలేదీ లేదనుకుంటాను. ఉంటే అదీ పంపండి, ఫైలు ఎలాగూ తెరిచే ఉంది.

మా ఆయన చేసిన నేరం ఒక ఫోటో. పండగలు పోయాక మా పడమటి మండలాల్లో ఊళ్లు ఎట్లా ఖాళీ అవుతాయో మీకు తెలియంది కాదు. కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు జనం పత్తికీ మిరపకాయలకూ గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే కూలిపనుల వలసకు, పోతారు. పిల్లల్ని ఎవరి దగ్గర వదిలిపెడతారు? వెంట తీసుకుపోతారు. అలా పోకుండా పిల్లల్ని ఊళ్లోనే ఉంచి చదివించడానికే సీజనల్ హాస్టల్. ఆయన తన తరగతిలో ఖాళీ బెంచీలను ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. కింద ఒక్క ప్రశ్న: "సీజనల్ హాస్టల్ పిల్లలు పోకముందు తెరవాలా, తిరిగొచ్చాక తెరవాలా?" ఎవరి పేరూ లేదు, ఏ పార్టీ ఊసూ లేదు. స్టేటస్ 24 గంటల్లో దానంతటదే పోతుంది. అది పోయేలోపే ఎవరో పుణ్యాత్ములు స్క్రీన్‌షాట్ తీసి పైకి పంపారు, పైవాళ్లు ఇంకా పైకి పంపారు. ప్రభుత్వ ప్రతిష్ఠకు భంగం కలిగించారని సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది. అది కూడా మొదట వాట్సాప్‌లోనే వచ్చింది సార్. కాగితం తీరిగ్గా తర్వాత వచ్చింది.

బడిలో ఫోటోలు తీసే అలవాటు ఆయనకు చేసింది మీ శాఖే కదా. మరుగుదొడ్డి ఫోటో, అన్నం ఫోటో, పొద్దున్నే తన ముఖం ఫోటో. 2022లో ముఖం చూపించి హాజరు వేయాలన్నప్పుడు, మా సొంత ఫోన్లలో ఎందుకని టీచర్లు అడిగారు. అడిగితే ఏమైంది? సొంత ఫోను, సొంత డేటా, యాప్ మాత్రం సర్కారుది. రాత్రి పదికి గ్రూపులో మెసేజ్ పడితే తెల్లారేసరికి వివరాలు పంపాలి, చూడలేదంటే సంజాయిషీ. అప్పుడది ఆఫీసు ఫోను. బెంచీల ఫోటో పెట్టినప్పుడు కూడా అదే ఫోను. మరుగుదొడ్డి మీ యాప్‌లోకి వెళ్లినప్పుడు డ్యూటీ, ఖాళీ తరగతి స్టేటస్‌లోకి వెళ్లినప్పుడు దుష్ప్రవర్తన!

ఇంకో సంగతి, కోపం తెచ్చుకోకండి. నాయకుల పుట్టినరోజులకు దండలూ కేకులూ పెట్టి స్టేటస్‌లు నింపిన సార్లు నాకు తెలుసు. ప్రభుత్వ ఉద్యోగి రాజకీయాల్లో తలదూర్చకూడదని ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లోనే ఉందట. వాళ్లలో ఒక్కరికీ మెమో రాలేదు. రావాలని నేను కోరడం లేదు, పాపం వాళ్లకూ పిల్లలున్నారు. పొగిడితే స్వేచ్ఛ, అడిగితే క్రమశిక్షణ అని తేల్చిన అధికారి ఎవరో తెలిస్తే బాగుండు.

మా తమ్ముడు కోర్టు చుట్టూ తిరిగే మనిషి. ప్రవర్తనా నియమావళి 1964 నాటిదని వాడే చెప్పాడు. అందులో ఉద్యోగికి తగని ప్రవర్తన అనే మాట ఉందట, ఏం కావాలంటే అది అందులో పడుతుంది. అదే వాడు ఇంకోటీ చెప్పాడు. బీహార్ ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు 1962లోనే, సర్కారు కొలువులో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని చెప్పిందట. త్రిపురలో రిటైర్మెంటుకు కొద్ది రోజుల ముందు, ఒక ఉద్యోగినిని ఫేస్‌బుక్ పోస్టు మీద సస్పెండ్ చేస్తే, అక్కడి హైకోర్టు 2020లో ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. ఆఫీసు రహస్యం బయటపెట్టినా, ఎవర్నైనా తిట్టినా చర్య తీసుకోండి, కాదనను. ఖాళీ బెంచీ ఏం రహస్యం సార్? ఊరంతటికీ కనిపిస్తోంది.

అడిగిన ప్రతిచోటా ఒకటే జవాబు: "సస్పెన్షన్ శిక్ష కాదమ్మా." ఆ మాట వినీ వినీ నాకు పట్టరాని కోపం వస్తోంది. జీతం సగమైంది. ఇంటి లోను సగం కాలేదు, పిల్లోడి కాలేజీ ఫీజు సగం కాలేదు. నా గాజులు బ్యాంకులో ఉన్నాయి. ఆ సగం కూడా ఊరికే రాదు, నేను ఇంకెక్కడా పని చేయడం లేదని ఆయన నెలనెలా సంతకం పెట్టివ్వాలి. ఇరవై ఏళ్ల పైబడి పాఠం చెప్పిన మనిషి, ఖాళీగా ఉన్నానని రాసిచ్చి భత్యం తెచ్చుకుంటున్నారు.

అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్ వదలకూడదని ఆర్డర్లోనే ఉంది. గుంతకల్లులో ఆయన చెల్లెలి కూతురి పెళ్లి. ఎంతో దూరమా? రైలెక్కితే దిగడమే. ముందుగానే అనుమతి అడిగారు. ఇస్తామనీ లేదు, ఇవ్వమనీ లేదు. గంపలో పెళ్లికూతుర్ని తెచ్చే మేనమామ లేకుండానే ముహూర్తం అయిపోయింది. చెల్లెలు ఇప్పటికీ సరిగా మాట్లాడదు. సగం జీతానికి లెక్కుంది, దీనికేం లెక్క కడతారు? శిక్ష కాదన్నవాళ్లు ఒక్క నెల మా ఇంట్లో ఉండి చూడమనండి.

అర్జీ పెట్టలేదని మాత్రం అనకండి. సోమవారాల్లో అర్జీలు తీసుకునే చోట ఇచ్చాను, రసీదులున్నాయి. ఆ కాగితం తిరిగి తిరిగి సస్పెండ్ చేసిన ఆఫీసుకే చేరింది, కొట్టినవాడికే మొర పెట్టుకోమన్నట్టు. తర్వాత నా ఫోనుకు సమస్య పరిష్కారమైందని మెసేజ్. ఎవరి సమస్యో!

తోటి టీచర్ల స్టేటస్‌లు ఇప్పుడు గుడ్ మార్నింగ్ పూలతో కళకళలాడుతున్నాయి. ఆయన పెట్టిన ఫోటోకు బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లు కూడా దారిలో కనపడితే బండి స్లో చేయడం లేదు. వాళ్లను నేనేమీ అనను. మీరు కోరుకున్నది ఇదే అయితే పని పూర్తయింది, ఇక మా ఆయన్ను వదిలేయండి.

ఆరోపణలేమిటో రాసిచ్చే ఛార్జిమెమో ఇవ్వకుండా మూడు నెలలు మించి సస్పెన్షన్‌లో ఉంచకూడదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. ఆ గడువు ఎప్పుడో దాటింది. ఛార్జిమెమో రాలేదు, విచారణ అధికారి ఎవరో తెలియదు. తప్పుంటే అదేమిటో కాగితం మీద రాసి ఇవ్వండి, జవాబు చెప్పుకుంటారు. లేదంటే బడికి పంపండి. టీచరు ఏం రాయొచ్చో, ఏం రాయకూడదో తెలుగులో ఒక ఉత్తర్వు వేసి ప్రతి బడికీ పంపండి. మా ఆయన్ను చేర్చుకోండి సార్, మళ్లీ అడుగుతున్నాను. ఆ సీజనల్ హాస్టల్ ఈసారైనా పిల్లలు బయల్దేరకముందే తెరిపించండి.

ఇట్లు,
సస్పెన్షన్‌లో ఉన్న టీచరు భార్య,
ఆదోని, కర్నూలు జిల్లా