ఫాగింగ్ తేదీలతో పాటు లార్వా లెక్కలూ వేయండి

సంపాదకులకు,

ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. 1897లో ఆ రోజునే సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టను చీల్చి, దాని గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలను మైక్రోస్కోపు కింద చూశారు. దోమలో పెరుగుతున్న మలేరియా పరాన్నజీవి అది. ఏటా ఈ విజయం గురించి రాస్తాం. అంతకు ముందు ఆయనకు ఎందుకు ఫలితం రాలేదన్నది మన మున్సిపాలిటీలకు ఇంకా ఎక్కువ అవసరమైన సంగతి.

1895 నుంచి ఆయన చేతికి ఎక్కువగా చిక్కినవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. ఇవాళ మనం క్యూలెక్స్, ఏడిస్ అంటున్న జాతులవి. మనిషి మలేరియాను అవి మోయవు, ఎన్ని కోసినా ఏమీ కనబడదు. మచ్చల రెక్కల గోధుమరంగు దోమలు (మలేరియాను మోసే అనాఫిలస్) దొరికాక, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటితో కుట్టించి (దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు), నాలుగైదు రోజులు వాటిని బతికించి కోస్తే గానీ జవాబు దొరకలేదు. ఏ రోగానికి ఏ దోమ అన్నదే అసలు ప్రశ్న.

డెంగీ సీజన్‌లో ఈ ప్రశ్నే వదిలేస్తున్నాం. కాలువలో మందు కొడితే చచ్చేది మురుగులో పెరిగే క్యూలెక్స్. బోదకాలు నివారణకు ఆ మందు పనికొస్తుంది, డెంగీకి కాదు. డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టి ఇళ్లలో నిలవ ఉన్న నీటిలో పుట్టి, పగలు కుట్టి, మంచాల కిందా వేలాడే బట్టల చాటునా దాక్కుంటుంది. సాయంత్రం వీధిలో బండి వదిలే పొగ అక్కడిదాకా పోదు. పోయినా అప్పుడు ఎగురుతున్నవే చస్తాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి మన ఎండలకు వారం, పది రోజులు చాలు కాబట్టి కొత్త తరం వెంటనే వచ్చేస్తుంది. కేసు వచ్చిన ఇంట్లోనూ చుట్టుపక్కల ఇళ్లలోనూ తలుపులు మూసి పైరెత్రం కొట్టడం వేరు. ఒక పాలు మందుకు 19 పాళ్లు కిరోసిన్ కలిపి చేసే ఆ పని తప్పక జరగాలి.

ఇంట్లో నిలవ నీళ్లన్నీ ఖాళీ చేసే శుక్రవారం డ్రై డే మంచి ఆలోచనే. కానీ నీళ్లు పారబోస్తే సరిపోదు. ఏడిస్ గుడ్లు నీటిలో తేలవు, నీటిమట్టానికి కాస్త పైన తొట్టి గోడకు నల్లటి చుక్కల్లా అంటుకుని ఉంటాయి. నెలల తరబడి ఎండినా బతుకుతాయి, మళ్లీ నీళ్లు నింపగానే పొదుగుతాయి. కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింది పళ్లెం, తొట్టి, అన్నిటినీ లోపలివైపు పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. ఖాళీ చేయలేని సంపులో ఆరోగ్య సిబ్బంది లార్వాను (నీటిలోని దోమపిల్లను) చంపే ఒక శాతం టెమిఫాస్ గుళికలు వేస్తే 100 లీటర్లకు 10 గ్రాములు. పొడవు, వెడల్పు, నీటి లోతు మీటర్లలో కొలిచి గుణించి, 1000తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. కంటి అంచనాతో చల్లితే పెద్ద సంపులో మోతాదు చాలదు, లార్వా చావదు.

లార్వా వెతకడంలోనూ తొందర పనికిరాదు. నీడ పడగానే అవి అడుగుకు పోతాయి. టార్చి వేసి రెండు మూడు నిమిషాలు ఆగితే ఊపిరికి పైకి వస్తాయి. నీటిమట్టానికి సమాంతరంగా పడుకుంటే అనాఫిలస్. తలకిందులుగా ఏటవాలుగా వేలాడితే ఏడిస్ గానీ క్యూలెక్స్ గానీ. వాటిలో తోక దగ్గరి శ్వాసగొట్టం పొట్టిగా ఉంటే ఏడిస్.

ఈ వెతుకులాటకు లెక్క ఉంది. నూరు ఇళ్లకు లార్వా ఉన్న పాత్రలెన్ని అన్నదే బ్రెటూ సూచిక. ఉదాహరణకు 50 ఇళ్లు చూస్తే 12 పాత్రల్లో లార్వా కనబడిందనుకోండి, సూచిక 24. తాళం వేసిన ఇళ్లను, ఎక్కలేని ఓవర్‌హెడ్ ట్యాంకులను చూసినట్టు రాసేస్తే సూచిక ఉత్తినే తగ్గిపోతుంది, ఆ వార్డుకు బృందం రాదు.

అందుకే మీకొక విన్నపం. ఫాగింగ్ బండి ఏ వీధికి ఏ రోజు వస్తుందో మీ జిల్లా పేజీలో వేస్తున్నారు. దాని పక్కనే వార్డువారీగా ఎన్ని ఇళ్లు చూశారు, ఎన్నిటికి తాళం ఉంది, ఎన్ని పాత్రల్లో లార్వా దొరికింది అన్న అంకెలు కూడా మున్సిపాలిటీని అడిగి వారం వారం వేయండి.

– దోమల నివారణ పని తెలిసిన ఒక పాఠకుడు, సికింద్రాబాద్