ఓడలో భోజనం: అందరికీ ఒకే టేబుల్ అడగకండి

సంపాదకులకు నమస్కారం.

కుటుంబ సమేతంగా క్రూయిజ్ ఓడలో ప్రయాణించడం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. గదుల ఎంపిక, సామాను, తీరంలో దిగి చూడవలసిన చోట్లు అన్నీ వివరంగా రాశారు. రాత్రి భోజనం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ‘అందరూ కలిసి కూర్చుని తినవచ్చు’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ వాక్యం వెనక ఎంత పని ఉందో, ఆ పని ముందే చేయకపోతే నిండు కుటుంబం మధ్యలో ఒక పెద్దావిడ ఎలా ఒంటరి అవుతుందో కళ్లారా చూశాను. అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మకు 81 ఏళ్లు. ఎడమ చెవి వినిపించదు, కుడి చెవికి యంత్రం పెట్టుకుంటుంది. మేము నలుగురు పిల్లలం. నేను పెద్దదాన్ని, నా తర్వాత ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు. మా భార్యాభర్తలం ఎనిమిది మందిమి, మనవలు మనవరాళ్లు తొమ్మిది మంది, వారిలో పెళ్లైన ఇద్దరి జీవిత భాగస్వాములు, ఇద్దరు మునిమనవలు. అమ్మతో కలిపి 22 మందిమి. తలా ఒక చోట ఉంటున్నాం. అమ్మ చుట్టూ అందరం ఒకేసారి చేరి ఆరేళ్లయింది. ఏడు రాత్రుల ప్రయాణానికి ఎనిమిది గదులు తీసుకున్నాం. పగటిపూట ఓడలో ఎవరి దారి వారిదే: పిల్లలు ఈతకొలను దగ్గర, యువకులు వ్యాయామశాలలో, అమ్మ తన గది ముందున్న బాల్కనీలో. అందరం ఒక్కచోట చేరేది రాత్రి భోజనానికే. మా ప్రయాణం ఆ ఏడు భోజనాల కోసమే.

చాలా ఓడల్లో ప్రధాన భోజనశాలలో రెండు పద్ధతులుంటాయి. మొదటిది పాతది. మొదటి బంతి, రెండో బంతి అన్నట్టు సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య కొందరు, ఎనిమిది దాటాక కొందరు కూర్చుంటారు. ప్రయాణం ముగిసేవరకు అదే వేళ, అదే టేబుల్, వడ్డించేవారూ వారే. రెండోదానికి వేళాపాళా లేదు. భోజనశాల తెరిచి ఉన్నంతసేపూ ఎప్పుడైనా వెళ్లవచ్చు, ఖాళీ ఉన్నచోట కూర్చోబెడతారు. నార్వేజియన్ క్రూయిజ్ లైన్ 2000లో ఈ స్వేచ్ఛా విధానాన్ని తెచ్చాక మిగతా పెద్ద సంస్థలు కూడా వేరు వేరు పేర్లతో ఇలాంటివే పెట్టాయి. డిస్నీ ఓడల్లో భోజనశాలలు రోజుకొకటి మారుతూ ఉంటాయి కానీ వడ్డించేవారు మనతోపాటే వస్తారు, వేళ కూడా మారదు.

ఇద్దరు ముగ్గురు వెళ్తే స్వేచ్ఛా విధానం హాయిగా ఉంటుంది. ఇరవై మందికి అది పనికిరాదని గట్టిగా చెబుతాను. అంతమందికి పక్కపక్కన చోటు ఒకేసారి ఖాళీ కావాలంటే గుమ్మం దగ్గర నిలబడి ఎదురుచూడాలి. నాలుగేళ్ల పిల్లవాడూ 81 ఏళ్ల ముసలావిడా అలా ఎంతసేపు నిలబడగలరు?

మా పొరపాటు బుకింగ్‌తోనే మొదలైంది. ఎనిమిది గదులనూ ఒకేచోట తీసుకోలేదు. పెద్ద తమ్ముడు ఒక ఏజెంటు దగ్గర మూడు, చిన్న తమ్ముడు మరో ఏజెంటు దగ్గర రెండు, చెల్లెలు తన ఫోనులో రెండు, నేను ఒకటి తీసుకున్నాం. నాలుగు బుకింగ్ నంబర్లు వచ్చాయి. ఓడ సంస్థ లెక్కలో మేము నాలుగు వేరు వేరు కుటుంబాలం. ఈ నంబర్లను భోజనం కోసం ఒకదానితో ఒకటి ముడిపెట్టమని అడిగితే సంస్థలు చేస్తాయి. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఇద్దరు ఏజెంట్లలో ఒక్కరు కూడా ‘మీతో ఇంకెవరైనా వస్తున్నారా?’ అని అడగలేదు.

ఓడ ఎక్కిన రోజు కార్డులు చేతికి వచ్చాక చూసుకుంటే పెద్ద తమ్ముడి మూడు గదులకూ మొదటి బంతి, చిన్న తమ్ముడి రెండు గదులకూ నా గదికీ రెండో బంతి, చెల్లెలి రెండు గదులకూ స్వేచ్ఛా విధానం. అమ్మ పెద్ద తమ్ముడి గదుల్లో ఉంది కాబట్టి ఐదున్నరకే కూర్చుంది. ఆ పూట ఆమె తిన్నదానికంటే తలుపు వైపు చూసిందే ఎక్కువ అని మరదలు చెప్పింది. మేము వెళ్లేసరికి అమ్మ గదికి వెళ్లి పడుకుంది.

మర్నాడు ఉదయం భోజనశాల పర్యవేక్షకుడి దగ్గరకు వెళ్లాను. ఓడల్లో ఆయన్ను మేటర్ డీ అంటారు. టేబుళ్ల విషయంలో చివరి మాట ఆయనదే. మార్పులు కావలసినవారు ఓడ ఎక్కిన మధ్యాహ్నమే, గదిలో సామాను పెట్టకముందే ఆయన్ను కలవాలి. ఒక రోజు ఆలస్యమైతే దొరికేది మిగిలిపోయిన చోటే. ఆయన ఓపికగా విని, ‘మీ అందరికీ ఒకే టేబుల్ కావాలా?’ అని అడిగారు. నేను క్షణం ఆలోచించకుండా అవునన్నాను.

అది నా రెండో పొరపాటు, మొదటిదానికంటే పెద్దది. ఆ రాత్రి నాలుగు టేబుళ్లను వరుసగా జరిపి రెండో బంతిలో మాకు పొడవాటి వరుస వేశారు. అమ్మను గౌరవంగా ఒక కొసన కూర్చోబెట్టాం. అవతలి కొసన ఉన్నవాళ్ల ముఖాలు కూడా ఆమెకు సరిగా కనిపించలేదు. ఎడమ వైపు నేను కూర్చున్నాను, అంటే ఆమెకు వినిపించని వైపు. కుడి వైపు మునిమనవడు, వాడికి తన పళ్లెం తప్ప వేరే లోకం లేదు. ఓడలో భోజనం విడతలు విడతలుగా వస్తుంది. టేబుల్ మీద అందరూ ఒక విడత ముగించాకే తర్వాతిది తెస్తారు. 22 మంది ఒకే టేబుల్ అయితే అందరిలోకి నిదానంగా తినేవారి కోసం మిగతా 21 మందీ ఆగాలి. తొమ్మిదిన్నరకు పిల్లలు కుర్చీల్లోనే నిద్రపోయారు. అమ్మ గంటన్నరసేపు నవ్వు ముఖంతో కూర్చుంది. ఆ నవ్వు నాకు తెలుసు. మాట వినపడనప్పుడు ఎదుటివారిని ఇబ్బంది పెట్టకూడదని ఆమె నవ్వే నవ్వు అది.

పూర్వం సముద్రాలు దాటే ఓడల్లో ఇలాంటి పొడవాటి బల్లలే ఉండేవి. ఓడ ఊగినప్పుడు జారిపోకుండా కుర్చీలను నేలకు బిగించేవారు. కోరుకున్నవారితో, కోరుకున్న వేళకు చిన్న టేబుల్ దగ్గర తినే వేరే రెస్టారెంటు 1905లో నీటిలోకి దిగిన ‘అమెరికా’ అనే జర్మన్ ఓడలో వచ్చింది. వందేళ్ల క్రితమే ప్రయాణికులు వద్దనుకున్న బారు బల్లను నేను పట్టుబట్టి వేయించాను.

నేను ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. పరీక్షల రోజుల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో పట్టిక వేసేది నేనే. మూడో రోజు ఉదయం ఓడ దినచర్య కాగితం వెనక గుండ్రటి టేబుళ్లు మూడు గీసి, మళ్లీ ఆ పర్యవేక్షకుడి దగ్గరకు వెళ్లాను. పక్కపక్కనే ఉన్న మూడు టేబుళ్లు, ఎనిమిది, ఎనిమిది, ఆరు చొప్పున, అదీ మొదటి బంతిలో కావాలన్నాను. మొదటి బంతి అయితే పిల్లల నిద్రవేళ దాటిపోదు. ఆయన సగం రోజు కష్టపడి ఇప్పించారు. ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

అమ్మ కుర్చీ వీపు గోడకు ఆనేలా వేయించాను. వెనక నుంచి శబ్దాలు వస్తే చెవి యంత్రం వాటినీ పెద్దవి చేస్తుంది, దగ్గరి మాట అందులో మునిగిపోతుంది. దీపం వెలుగు ఎదుటివారి ముఖం మీద పడాలి, ఎందుకంటే సగం మాటలను ఆమె పెదవుల కదలికనుబట్టి పట్టుకుంటుంది. వంటగది తలుపుకు దూరంగా ఉండాలి, అక్కడ గిన్నెల చప్పుడు ఆగదు. మునిమనవలున్న ఆరుగురి టేబుల్‌ను నడవ పక్కన పెట్టాం, పిల్లలు అల్లరి చేస్తే ఎవరినీ లేపకుండా బయటకు తీసుకుపోవచ్చు.

ఈ లెక్కన అమ్మతో నిజంగా మాట్లాడగలిగే చోట్లు రెండే: కుడి పక్క కుర్చీ, ఎదుటి కుర్చీ. మిగిలినవి ఐదు రాత్రులు. అంటే పది చోట్లు. తొమ్మిది మంది మనవలకూ తొమ్మిది పంచి, పట్టిక రాసి అందరి ఫోన్లకూ పంపాను. మా చిన్న తమ్ముడి కూతురు పదిహేడేళ్లది, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. దాని వంతు వచ్చిన రాత్రి నాయనమ్మా మనవరాలూ భోజనం ముగిశాక కూడా లేవలేదు. రెండో బంతికి బల్లలు సర్దాలని వచ్చి చెబితే లేచారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. మూడు రాత్రులు వరసగా వడ్డించేసరికి మా వెయిటరుకు అమ్మ సంగతి తెలిసిపోయింది. ఆమె కుడి వైపుకే వచ్చి, వంగి, ముఖంలోకి చూసి అడిగేవాడు. నిర్ణీత వేళ, అదే టేబుల్ అన్న పాత పద్ధతిలో ఉన్న గొప్ప మేలు ఇదే.

అయ్యా, ఇదంతా మూడో రోజున కాకుండా డబ్బు కట్టిన రోజునే జరిగి ఉండవలసింది. ఓడ సంస్థలు బుకింగ్ దరఖాస్తులో అలర్జీలు, చక్రాల కుర్చీ గురించి అడుగుతాయి. ‘మీ బృందంలో ఇంకా ఏ బుకింగ్ నంబర్లు ఉన్నాయి, ఎన్ని టేబుళ్లు పక్కపక్కన కావాలి, వినికిడి తక్కువైనవారు ఉన్నారా’ అన్న మూడు ప్రశ్నలు చేర్చడానికి వాటికి కష్టమేమీ లేదు. ఏజెంట్లు కూడా కమీషన్ తీసుకుంటున్నందుకు ఆ నంబర్లను కలిపించే బాధ్యత తీసుకోవాలి. ఇలాంటి ప్రయాణం తలపెట్టిన మీ పాఠకులు దయచేసి ఒకరి చేతనే గదులన్నీ తీసుకోండి. కుదరకపోతే నంబర్లు కలిశాయన్న మాటను రాతపూర్వకంగా తీసుకోండి. అందరికీ ఒకే టేబుల్ అడగకండి. ఎనిమిదేసి మందికి పక్కపక్కన టేబుళ్లు అడగండి, రోజూ చోట్లు మార్చుకోండి.

పదో చోటు నేను తీసుకున్నాను. చివరి రాత్రి అమ్మ ఎదుట కూర్చున్నాను. ‘అందరితోనూ మాట్లాడాను. ఇంక నీతోనే మిగిలింది’ అంది.

ఇట్లు,
మీ పాఠకురాలు, విశ్రాంత ఉపాధ్యాయిని