ఫ్లై ఫిషింగ్‌కు మన చెరువు చాలు, సంఘం అనుమతి ఉంటే

సంపాదకులకు నమస్కారం.

ఫ్లై ఫిషింగ్ గురించి తెలుగు పత్రికల్లో ఎప్పుడైనా వ్యాసం వస్తే అందులో హిమాచల్ తీర్థన్ నది, కశ్మీర్ ట్రౌట్ చేపలే కనిపిస్తాయి. చదివిన కుర్రవాళ్లలో కొందరు ఇది మనకు అందేది కాదని వదిలేస్తారు. కొందరు ఆన్‌లైన్‌లో సామాను తెప్పించుకుని, ఎవరినీ అడక్కుండా దగ్గర్లోని చెరువు కట్ట ఎక్కి మత్స్యకారులతో గొడవ తెచ్చుకుంటారు. ఈ విద్య నేర్చుకోవడానికి ఊరి చెరువు చాలు. ఆ చెరువును నమ్ముకుని బతుకుతున్న మత్స్యకారుల సంఘాన్ని అడిగి మొదలుపెట్టాలి, అంతే.

మామూలు గాలంలో సీసం గుండు బరువుకు దారం వెంట వెళ్తుంది. ఫ్లై అంటే ఈకలు, బొచ్చు, దారంతో కొక్కేనికి కట్టిన పురుగు బొమ్మ. దానికి బరువుండదు కాబట్టి ఇక్కడ విసిరేది లైనునే. అందుకే ఆ లైను ప్లాస్టిక్ పూతతో లావుగా ఉంటుంది. 5వ నంబరు లైనులో మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు తూగుతాయి. రాడ్ మీద కూడా అదే నంబరు ఉండాలి. కొత్తవారికి తొమ్మిదడుగుల 5వ నంబరు రాడ్, అదే నంబరు తేలే లైను సరిపోతాయి. లైను పెట్టె మీద డబ్ల్యూఎఫ్5ఎఫ్ (బరువు ముందువైపు ఉన్న, తేలే 5వ నంబరు లైను) అని ఉందో లేదో చూసుకోండి. చిన్న చేపలకు రీలు లైను చుట్టిపెట్టుకోవడానికే పనికొస్తుంది. అందుకని డబ్బు రీలు మీద కాదు, లైను మీద పెట్టండి.

రీలుకు ముందుగా 20 పౌండ్ల అల్లిక దారం ఓ యాభై మీటర్లు చుట్టి, దానికి లైను కట్టాలి. లైను కొసకు మొదలు లావుగా, చివర సన్నగా ఉండే తొమ్మిదడుగుల నైలాన్ దారం వస్తుంది, దాన్ని లీడర్ అంటారు. దాని కొసకే ఫ్లై కడతారు. ఫ్లై నంబరును మూడుతో భాగిస్తే లీడర్ కొస మందం తెలుస్తుంది: 12వ నంబరు ఫ్లైకి 4ఎక్స్, అంటే 0.18 మిల్లీమీటర్లు. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ దెబ్బతిని, చేప పడినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది.

విసరడం నీళ్ల దగ్గర కాదు, గడ్డి మైదానంలో నేర్చుకోవాలి. ఫ్లై బదులు ఎర్ర ఊలు ముక్క కట్టి, రాడ్ కొనకు ముందు ముప్పై అడుగుల లైను పరవండి. రాడ్ కొన నేలకు దగ్గరగా ఉంచి నెమ్మదిగా ఎత్తడం మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ వచ్చి, తల దాటిన కాసేపటికే టక్కున ఆపాలి. ఆపినప్పుడే రాడ్ వంపులోని బలం లైనుకు చేరుతుంది. ఆ తర్వాత లైను వెనక పూర్తిగా విచ్చుకునేదాకా ఆగి, అదే తీరున ముందుకు తెచ్చి మళ్లీ ఆపాలి. తల తిప్పి వెనక్కి చూడటంలో తప్పేమీ లేదు, చూస్తేనే ఎంతసేపు ఆగాలో అర్థమవుతుంది. ఆగకపోతే కొరడా చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుతోనే ఫ్లై తెగి ఎగిరిపోతుంది. మణికట్టు వదులు చేస్తే రాడ్ వెనక్కి వాలి లైను నేలను కొడుతుంది. ముందుకు తెచ్చేటప్పుడు ఒక్కసారిగా బలం పెడితే లైను తన మీద తానే పడి లీడర్‌కు చిన్న ముడులు పడతాయి. వాటిని గాలి ముడులంటారు గాని తప్పు గాలిది కాదు. ముడి పడిన చోట దారం బలం సగానికి పడిపోతుంది, కాబట్టి కోసి మళ్లీ కట్టుకోవాల్సిందే. రోజుకు పావుగంట చాలు. చెయ్యి అలసిపోయాక చేసే సాధన చెడ్డ అలవాటే నేర్పుతుంది.

కట్ట మీద వెనక తుమ్మచెట్లుంటే ఈ పద్ధతి కుదరదు. లైనును నీళ్ల మీదే ఉంచి, రాడ్‌ను నెమ్మదిగా చెవి పక్కకు తెచ్చి, లైను వెనక అరచందమామలా వేలాడగానే ముందుకు విసరాలి. దీన్ని రోల్ కాస్ట్ అంటారు. లైనును నీళ్లు పట్టి ఉంచితేనే ఇది సాగుతుంది కాబట్టి గడ్డి మీద నేర్చుకోలేరు.

ఇక ఏ చేప? తిలాపియాతో, పరిగెలతో మొదలుపెట్టండి. పొద్దున, సాయంత్రం ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో తిలాపియా తిరుగుతుంది. 12వ నంబరు గోధుమరంగు నింఫ్ (నీటిలో పెరిగే పురుగు పిల్లను పోలిన, మునిగే ఫ్లై) వేసి, మునిగేదాకా ఆగి, లైనును కుడి చూపుడువేలి కింద పెట్టి, ఎడమచేత్తో ఒక్కో బెత్తెడు లాగండి. రాడ్ కొన నీటికి ఆనేంత కిందికి ఉండాలి. పైకి ఉంటే లైను వదులై, చేప నోట్లో పెట్టుకుని ఉమ్మేసిన సంగతి కూడా తెలియదు. పరిగెలకు ఇంకా చిన్నదైన 16వ నంబరు ఫ్లై కావాలి. పట్టిన తిలాపియాను తలవైపు నుంచి తోకవైపు నిమురుతూ పట్టుకుంటే వీపు ముళ్లు అణుగుతాయి.

కొర్రమీను మీద మోజు అందరికీ ఉంటుంది. దానికి 8వ నంబరు రాడ్, 30 పౌండ్ల దారం ఉండాలి. 5వ నంబరుతో వెళ్తే చేప తుంగలో, గుర్రపుడెక్కలో దూరి దారం తెంపుకుని, కొక్కెం నోట్లోనే పెట్టుకుపోతుంది. ఎర్రగా గుంపుకట్టిన పిల్లల కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. అక్కడ ఫ్లై వేయడం అన్యాయం. వాటిని పట్టేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలవుతాయి.

వాగుల్లో చేప ఏటికి ఎదురుగా తలపెట్టి నిలబడుతుంది. దిగువన నిలబడి ఎగువకు వేయండి. తొలకరిలో చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే రోజుల్లో మాత్రం రాడ్ ఇంట్లోనే ఉండాలి.

జాగ్రత్తల్లో మొదటిది కరెంటు. కార్బన్ రాడ్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది. మోటార్లకు వెళ్లే 11 కేవీ తీగలు చాలా కట్టల పక్కనే ఉంటాయి, వాటి దరిదాపుల్లో రాడ్ ఎత్తకండి. ఉరుము వినబడగానే రాడ్ కింద పెట్టేయండి. కళ్లద్దాలు, టోపీ లేకుండా విసరవద్దు. గాలి ఎడమ భుజం వైపు నుంచి వచ్చేలా నిలబడితే కుడిచేతివాటం వారికి ఫ్లై ముఖం వైపు రాదు. పూడిక తీసిన చెరువుల్లో నీటి కింద గుంతలుంటాయి, లోపలికి దిగకండి. అలుగు రాళ్ల మీది పాచి కూడా అంతే ప్రమాదం. దోమల మందు రాసుకున్న చేత్తో లైను ముట్టుకుంటే పైపూత కరుగుతుంది.

అసలు విషయం సంఘానికి సంబంధించింది. సంఘం చేపపిల్లలను వదిలి పెంచే బొచ్చె, రవ్వ, మోసు ఫ్లైకి పడటం అరుదు. బొచ్చె నీటిలో తేలే సూక్ష్మజీవులను తింటుంది, మోసు అడుగు బురదలో వెతుక్కుంటుంది. బంగారుతీగ ఒక్కటి అప్పుడప్పుడు పడుతుంది. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా మాత్రం విపరీతంగా పిల్లలు పెట్టి, పెంచే చేపల మేతకు పోటీ వస్తుంది. ఫ్లైకి ఎక్కువగా పడేది అదే. అంటే ఈ సరదా వల్ల సంఘానికి నష్టం తక్కువ, కొంత మేలు కూడా ఉంది. అధ్యక్షుణ్ని కలిసి సామాను చూపించి ఈ మాట చెబితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. మంజీరా, పోచారం, కొల్లేరు లాంటి అభయారణ్యాల సంగతి వేరు. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా గాలం వేయడం నేరం.

హిమాచల్‌లో రాడ్‌తో పట్టేవారికి మత్స్యశాఖ లైసెన్సు ఇస్తుంది. మన జిల్లా మత్స్యశాఖ కార్యాలయాలు సంఘాల పేరనే రోజువారీ టికెట్ పెట్టవచ్చు. దాని సొమ్మంతా సంఘానికే చెందాలి. షరతులు నాలుగు చాలు: ఒక మనిషికి ఒక రాడ్, ముల్లు నొక్కేసిన ఒకే కొక్కెం, తిలాపియా సంఘానికి అప్పగింత, మిగతా ఏ చేపైనా తడిచేత్తో పట్టి వెంటనే నీళ్లలోకి. ఈ ప్రతిపాదనను అధికారుల దృష్టికి తీసుకెళ్లాలని మీ పత్రికను కోరుతున్నాను.

ఇట్లు
ఒక పాఠకుడు, హనుమకొండ