కుడి వెనక చక్రం

ఆటోనగర్, విజయవాడ
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఎదురుగా కస్టమరు నిలబడి ఉన్నాడు. చేతుల నిండా గ్రీజు, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఉన్నాను. నువ్వేమో గొంతు పూడుకుపోయి "నాన్నా, మా కారుని ట్రాక్ మీదికే పోనివ్వలేదు" అన్నావు. నేను "సర్లే, వదిలెయ్, పోయి ఏదన్నా తిను" అని పెట్టేశాను. అప్పట్నుంచీ ఆ మాట నన్ను తొలుస్తూనే ఉంది. ఎనిమిది నెలలు నిద్ర మానుకుని మీ కాలేజీ టీమంతా పోటీ కోసం చేసిన కారుని వదిలెయ్యమనడానికి నేనెవర్ని? మళ్ళీ ఫోన్ చేస్తే "ఊఁ", "ఊఁ" అంటావు తప్ప వినవు. అందుకే రాస్తున్నాను. మీ అమ్మ పక్కన కూర్చుని "బిల్లు రాసినట్టు గిలకకండి, దానికి అర్థం కావాలి" అంటోంది.

నువ్వు రెండు మాటలన్నావు. ఓడిపోయినా బాగుండేది, అసలు పోటీయే చెయ్యలేదు, ఇది ఎక్కడ చెప్పుకోను అన్నావు. ఇంక ఈ కార్లు వద్దు, సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేరతానన్నావు. రెండోదాని సంగతి చివర్లో చెప్తాను. మొదటిదానికి మాత్రం నీకు ఒక మనిషి గురించి చెప్పాలి.

ఆయన పేరు గాబ్రియేలే తార్క్వీని. ఇటలీలో సముద్రం ఒడ్డున జూలియానోవా అనే ఊళ్ళో 1962లో పుట్టాడు. నీకు ఫార్ములా వన్ వాళ్ళందరి పేర్లూ నోటికొచ్చు కదా, ఈయన పేరు విన్నావో లేదో. ఆ రికార్డుల్లో ఈయన పేరున్న చోటు అలాంటిది మరి. ప్రీ-క్వాలిఫైయింగ్, అంటే రేసుకి ముందు జరిగే మొదటి వడపోత, దాటలేక ఎక్కువసార్లు వెనక్కి పోయినవాళ్ళలో అందరికంటే పైన ఉన్నది ఈయనే. 25 సార్లు.

ఇప్పుడా పద్ధతి లేదు కాబట్టి చెప్తున్నా. 1980ల చివర్లో ఫార్ములా వన్‌లో టీములు మరీ ఎక్కువైపోయాయి. 1989లో 39 కార్లు వచ్చేవి. రేసు మొదలుపెట్టేది 26 మందే. అందుకని కొత్త టీములకీ, ఫలితాలు రాని టీములకీ శుక్రవారం పొద్దున్నే, ఇంకా జనం రాకముందే, ఒక గంట ఇచ్చేవాళ్ళు. ఆ గంటలో 13 కార్లు తిరిగితే మొదటి నలుగురే క్వాలిఫైయింగ్‌కి, అంటే రేసులో చోటు తేల్చే అసలు వడపోతకి. మిగతావాళ్ళు తొమ్మిదింటికల్లా సామాను సర్దుకోవడమే. ఆలోచించు. ఖండాలు దాటి కారుని విమానంలో తెచ్చుకుని, రాత్రంతా ఇంజను మీద పని చేసి, పొద్దున గంటసేపు తిరిగి, ఆదివారం రేసు హోటల్ గదిలో టీవీలో చూడటం. ఆ గంటలో ఒక గేరు ఇరుక్కుంటే అంతే సంగతులు.

తార్క్వీని అలాంటి టీముల్లోనే తిరిగాడు. ఒసెల్లా, కొలోనీ, ఏజీఎస్, ఫాండ్‌మెటల్. ఇప్పుడవేవీ ఫార్ములా వన్‌లో లేవు. 1989లో ఏజీఎస్ కారుతో మెక్సికోలో ఆరో స్థానంలో వచ్చాడు, ఒక్క పాయింటు. అప్పట్లో ఆరో స్థానం దాకానే పాయింట్లు ఇచ్చేవాళ్ళు. మనకైతే ఇంటికొచ్చి స్వీట్లు పంచే విషయం. అదే ఏడాది రెండో సగంలో వాళ్ళ టీముని ప్రీ-క్వాలిఫైయింగ్‌లోకి తోసేశారు, ఇక వరసగా ఆ గంట దాటలేకపోయాడు. ఫార్ములా వన్‌లో మొత్తం 78 సార్లు పేరిచ్చి 38 రేసుల్లోనే నిలబడగలిగాడు. ఆ ఒక్క పాయింటు ఒక్కటిగానే మిగిలిపోయింది.

మీ కారుని బ్రేక్ టెస్ట్ దగ్గర ఆపేశారని చెప్తుంటే నాకు గుర్తొచ్చింది ఆ శుక్రవారం పొద్దుటి గంటే.

సరే, అసలు కథ ఇక్కణ్ణుంచి. ఆయన టూరింగ్ కార్లలోకి వెళ్ళాడు. టూరింగ్ కారంటే నీకు చెప్పక్కర్లేదు గానీ మీ అమ్మ అడుగుతోంది కాబట్టి రాస్తున్నా. మన షెడ్డుకి సర్వీసింగ్‌కి వచ్చే కార్ల లాంటివే, నాలుగు తలుపులు, పైన కప్పు, ముందు బానెట్టు, వెనక డిక్కీ. లోపల మాత్రం సీట్లన్నీ పీకేసి ఇనప గొట్టాల పంజరం కడతారు. ఫార్ములా కారులో చక్రానికి చక్రం తగిలితే సస్పెన్షన్ విరిగి ఇంటికి పోవడమే. ఇక్కడ తలుపుకి తలుపు రాసుకుంటూ, బంపరుకి బంపరు తగిలించుకుంటూ పోతారు. అద్దం ఊడినా పోతూనే ఉంటారు. ట్రాక్ పక్కన మరమ్మతు చేసే పిట్‌లోకొస్తే రెండు సుత్తి దెబ్బలు, ఇంత టేపు. నాకు ఈ రేసులు ఇష్టమవడానికి కారణం అదే, టింకరింగ్ వాడికి కూడా ఇందులో పనుంటుంది. పైగా బాగా పరిగెత్తే కారుకి అదనంగా బరువు కట్టే పద్ధతి ఒకటుంది ఈ రేసుల్లో. గెలిచేకొద్దీ గెలవడం కష్టం. కేబుల్ టీవీ కొత్తలో స్పోర్ట్స్ ఛానల్లో బ్రిటిష్ రేసులు చూసి నేను పిచ్చోణ్ణయిపోయాను. మీ అమ్మకి అప్పటి కోపం ఇంకా ఉంది.

1994లో తార్క్వీని బ్రిటిష్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌కి ఆల్ఫా రోమియో 155 తీసుకుని వెళ్ళాడు. ఆ కారు కథ నువ్వు తప్పకుండా తెలుసుకోవాలి. గాలి సాయంతో కారుని నేలకి నొక్కిపెట్టే రెక్క ఉంటుంది చూడు, రోడ్డు మీద అమ్మే కారుకి ఏ రెక్క ఉంటే రేసు కారుకీ అదే ఉండాలన్నది రూలు. 2,500 కార్లు చేసి చూపించాలి. ఆల్ఫా వాళ్ళేం చేశారంటే, రూలు పుస్తకం అక్షరం అక్షరం చదివి, ముందు బంపరు కింది పెదవీ వెనక రెక్కా ముందుకీ పైకీ జరిగేట్టు చేశారు. రెక్కని ఇంకాస్త పైకి లేపే ముక్కల్ని మామూలు కొనుగోలుదారు డిక్కీలో పెట్టి ఇచ్చారు. బిగించుకుంటే బిగించుకో, లేకపోతే లేదు! అమ్మిన కారుతోపాటు వచ్చింది కాబట్టి రూలుకి సరిపోయింది. సీజను మొదట్లో ఆ కారుని పట్టుకునేవాడే లేడు. మిగతా కంపెనీలు గగ్గోలు పెట్టాయి. మే నెలలో ఓల్టన్ పార్క్‌లో అధికారులు ఆ రెక్కలు లోపలికి నొక్కేసి నడపమంటే, ఆల్ఫా టీము సామాను లారీలకెక్కించుకుని వెళ్ళిపోయింది. తర్వాత రాజీ కుదిరి వచ్చారు. రెక్క తగ్గాక ఆ కారు ముందులా దూసుకుపోలేదు, అయినా ఆ ఏడాది ఛాంపియన్ తార్క్వీనీయే, ఎనిమిది రేసులు గెలిచి.

నన్నడిగితే రెండు పక్షాల్లోనూ న్యాయం ఉంది. నేను నీకు చెప్పాలనుకున్నది ఆ తగువు గురించి కాదులే. మీ టీములో రూలు పుస్తకం మొత్తం చదివినవాళ్ళు ఎంతమంది? నిజం చెప్పు. నువ్వు చదివుంటావు, నాకు తెలుసు. మిగతావాళ్ళు?

ఆ తర్వాతి ఏడాది, 1995లో, ఒక చిన్న సంగతి జరిగింది. ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ నాకు మాత్రం ఆయన కథలో అన్నిటికంటే నచ్చింది అదే. టిరెల్ టీములో కటయామా అనే జపాన్ డ్రైవరు నడపలేని పరిస్థితి వస్తే, జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ రేసుకి తార్క్వీనిని కూర్చోబెట్టారు. బ్రిటిష్ ఛాంపియన్ మళ్ళీ ఫార్ములా వన్ కారెక్కాడు. 14వ స్థానంలో పూర్తి చేశాడు. దిగి మళ్ళీ కప్పున్న కార్ల దగ్గరికే వెళ్ళిపోయాడు. మళ్ళీ ఫార్ములా వన్‌లో రేసు చెయ్యలేదు.

ఆ తర్వాత ఏం చేశాడు అంటావా, పాతికేళ్ళకు పైగా పని చేశాడు. 2003లో ఆల్ఫా 156తో యూరప్ ఛాంపియన్. 2008లో టూరింగ్ కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సియాట్ కంపెనీ డీజిల్ కారు. అవును, డీజిల్! మనవాళ్ళు డీజిల్ అంటే ట్రాక్టరు అనుకుంటారు. ఆ ఏడాది ఆ కార్లదే హవా. అయితే గెలిచింది ఆయన జతగాడు, ఫ్రాన్స్ వాడు, ఇవాన్ ముల్లర్. తార్క్వీని రెండో స్థానం. ఒకే టీము, ఒకే కారు, ఒకే డీజిలు. ఇలాంటప్పుడు సాకు చెప్పుకోవడానికి కూడా ఏమీ ఉండదు కదా. మరుసటి ఏడాది చైనాలోని మకావ్ వీధుల్లో ఆఖరి రేసు దాకా వచ్చింది లెక్క. నాలుగంటే నాలుగు పాయింట్ల తేడాతో ముల్లర్‌ని దాటాడు. అప్పటికాయన వయసు 47. కార్ల రేసుల్లో అంత పెద్ద వయసులో ప్రపంచ ఛాంపియన్ అయినవాడు అంతకుముందు లేడు. 1957లో అర్జెంటీనా డ్రైవరు ఫాంజియో ఫార్ములా వన్ గెలిచినప్పుడు ఆయనకి 46.

ఇంకా అయిపోలేదు. హోండా నడిపాడు, లాడా నడిపాడు. తర్వాత హ్యుండాయ్ వాళ్ళు ఐ30ని రేసు కారుగా తయారు చెయ్యడానికి ఆయన్ని పెట్టుకున్నారు. అంటే గెలవడానికి కాదు, కారుని తయారు చెయ్యడానికి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిప్పి, దిగి, ఇది గట్టిగా ఉంది, అది మెత్తగా ఉంది, బ్రేకు ఇక్కడ పట్టేస్తోంది అని చెప్పే పని. మనం ట్రయల్ చూడటం అంటామే, అదే. 2018లో అదే కారుతో డబ్ల్యూటీసీఆర్ పోటీకి, అంటే టూరింగ్ కార్ల ప్రపంచ కప్పుకి, వచ్చాడు. 30 రేసులు. మళ్ళీ చివరికి మకావ్. మళ్ళీ ఎదురుగా అదే ఇవాన్ ముల్లర్, ఆయనా హ్యుండాయ్‌లోనే. తార్క్వీనికి 306 పాయింట్లు, ముల్లర్‌కి 303. ఒకరికి 56 ఏళ్ళు, ఇంకొకరికి 49. కుర్రాళ్ళు వెనక నిలబడి చూశారు. ఆ ఐ30 మన దగ్గర అమ్మరు గానీ మన వీధిలో తిరిగే ఐ20కి అన్నలాంటిదే. తార్క్వీని ఫోటో ఒకటి షెడ్డులో అంటించాను. ఐ20 తెచ్చిన కస్టమరు ఒకాయన దాన్ని చూసి "ఈ ముసలాయన ఎవరండీ, మీ బంధువా" అని అడిగాడు. అవునన్నాను.

2021 సీజను అయ్యాక ఆపేశాడు. అప్పటికి ఆయనకి 59.

ఇదంతా చదివి "నాన్న పట్టుదల గురించి క్లాసు పీకుతున్నాడు" అనుకుంటావేమో. నిజంగా కాదు. పట్టుదలే అయితే ఆయన ఆ శుక్రవారం గంట దగ్గరే ఇంకో పదేళ్ళు కూర్చునేవాడు. నేను చాలాసార్లు ఆలోచించాను, 25 సార్లు ఇంటికి పోయినవాడికి ఏం మిగిలి ఉంటుందని. గంటలో కారుని సరిచేసుకోవడం మిగిలి ఉంటుంది. పాడుగా ఉన్న కారు ఏం చెప్తోందో వినడం వచ్చి ఉంటుంది. హ్యుండాయ్ వాళ్ళు 55 ఏళ్ళ మనిషిని ఊరికే పిలవలేదు కదా.

ఇప్పుడు నీ రెండో మాట. సాఫ్ట్‌వేర్‌కి పోతానన్నావు. పో. నేను అడ్డం రాను, మీ అమ్మయితే కొబ్బరికాయ కొడుతుంది. కానీ ఆ మాట నువ్వు ఏడుస్తూ అన్నావు. తార్క్వీని ఆ 14వ స్థానం రేసుకి మళ్ళీ వెళ్ళొచ్చాడని రాశాను చూడు, అందుకే రాశాను. ఒక్కసారి ఆ కారు నాలుగు చక్రాల మీదా సరిగ్గా ఆగాలి. మీ కాలేజీ గ్రౌండులో అయినా సరే, ఎవరూ చూడకపోయినా సరే. దాన్ని నువ్వు నడిపి, దిగి, హెల్మెట్ తీసి, అప్పుడు కూడా వద్దనిపిస్తే వద్దు. కోచింగ్ ఫీజు నేనే కడతాను. ఈ మధ్యలో నిర్ణయం తీసుకోకు.

బ్రేకు సంగతి. నువ్వు పంపిన వీడియో ఇరవైసార్లు చూశాను. ముందు రెండూ లాక్ అవుతున్నాయి, వెనక ఎడమది లాక్ అవుతోంది, కుడిది తిరుగుతూనే ఉంది. మీవాళ్ళు పెడల్ దగ్గర బ్యాలెన్స్ బార్‌ని తిప్పీ తిప్పీ పొద్దంతా పోగొట్టుకున్నారన్నావు. ఆ బారు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య పంచుతుంది గానీ ఎడమకీ కుడికీ మధ్య కాదు తల్లీ. టెన్షన్లో తోచలేదు, నాకూ అలాగే అవుతుంది. ఒక్క చక్రమే మొరాయిస్తోందంటే గొడవ ఆ చక్రం దగ్గరే చూడాలి. ముందు ప్యాడ్లు విప్పి వేలితో రాసి చూడు. నూనె జిడ్డు తగిలినా, గాజులా మెరుస్తున్నా అదే దొంగ. అవి బాగుంటే ప్యాడ్లని అదిమే కాలిపర్ పిస్టన్ బయటికొచ్చి సాఫీగా వెనక్కి పోతోందో లేదో చూడు. ఆ తర్వాత ఆ ఒక్క చక్రం బ్రేకు పైపులోని గాలి తియ్యండి, ఇద్దరు కూర్చుని, తొందర లేకుండా, బుడగలు పూర్తిగా ఆగేదాకా. ఇవన్నీ సరిగ్గా ఉంటే నాలుగు చక్రాల మీదా బరువు విడివిడిగా తూచండి. ఆ మూలన ఎక్కువ బరువు పడుతుంటే అది ఆలస్యంగానే లాక్ అవుతుంది.

విప్పిన పాత ప్యాడ్లు పారెయ్యకు. ఉగాదికి వచ్చేటప్పుడు గుడ్డలో చుట్టి బ్యాగులో వేసుకుని రా, నేను చూడాలి. వీలైతే కాలిపర్ కూడా తీసుకురా, పక్క షెడ్డు లేత్ బాబాయికి చూపిద్దాం. ఆయన నీ గురించి రోజూ అడుగుతున్నాడు. నేనింకా ఏమీ చెప్పలేదు.

మీ అమ్మ గోంగూర పచ్చడి కొరియర్లో వేసింది. మూత గట్టిగా బిగించాను, అయినా నిలబెట్టి తెరువు.

మీ నాన్న