మాన్‌మత్ కౌంటీ తెలుగు కుటుంబాల సంఘం: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పండుగలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు విడిగా పంపుతున్నాం. ఇక్కడ మనం ఉంటున్న నేల గురించే ఎక్కువ రాస్తున్నాం. న్యూజెర్సీలోని ఈ కౌంటీలో 53 మునిసిపాలిటీలున్నాయి. మనవాళ్లు చాలావరకు మార్ల్‌బరో, మనాలపన్, ఫ్రీహోల్డ్ వైపే ఉంటున్నారు. తీరం వైపు ఇల్లు చూసుకునేవారి సందేహాలే ఈ ఏడాది మా పనికి దారి చూపాయి.

కౌంటీ ఉత్తర కొసన సముద్రంలోకి చొచ్చుకున్న ఇసుక నాలుక శాండీ హుక్. అక్కడి మా నడకలో అందరూ ఆగింది లైట్‌హౌస్ దగ్గర. 1764లో కట్టినప్పుడు అది ఇసుక కొసకు సుమారు 500 అడుగుల దూరంలో ఉండేది. ఇప్పుడు ఆ దూరం ఒకటిన్నర మైలు. కట్టడం కదల్లేదు, ఇసుకే పెరిగింది. ఇక్కడ అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ పెరిగిందీ ఇలాగే. ఆ ఇసుకకు రాళ్ల గట్టు అడ్డం వేస్తే దక్షిణం పక్కన మేట వేస్తుంది, ఉత్తరం పక్కన తీరం కోసుకుపోతుంది. అందుకే సీబ్రైట్ నుంచి మనాస్క్వాన్ దాకా 21 మైళ్ల మేర 1994 నుంచి ఆర్మీ ఇంజనీర్లు సముద్రగర్భం నుంచి ఇసుక తోడి పోస్తున్నారు. కొత్తగా పోసిన చోట అల కోతకు అంచు నిలువు మెట్టులా తయారవుతుంది. పిల్లల్ని దానిమీద నిలబెట్టకండి, ఉన్నట్టుండి విరిగిపడుతుంది.

ఇళ్ల సదస్సులో గట్టిగా చెప్పిన మాట: ముంపు ఎప్పుడూ సముద్రం ముఖంగానే రాదు. 2012 అక్టోబర్ 29న శాండీ తుపానుకు రారిటన్ బే ఒడ్డున పల్లంలో ఉన్న యూనియన్ బీచ్ ఘోరంగా దెబ్బతింది. సీబ్రైట్‌కు ముందు సముద్రం, వెనక ష్రూస్‌బరీ నది. పున్నమి పోటుకు ఈశాన్యపు గాలి తోడైతే వీధిలోకి నీరు వెనకనుంచే వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే అట్లాంటిక్ హైలాండ్స్‌లో 266 అడుగుల కొండ ఉంది. కాబట్టి ఊరి పేరు చూసి తీర్మానించకండి, చిరునామా చూడండి.

ముందు ఫెమా (కేంద్ర ప్రభుత్వ విపత్తు సంస్థ) వరద పటంలో ఇంటి చిరునామా వేయండి. ఏఈ (AE) జోన్ అని వస్తే ఏటా కనీసం 1 శాతం ముంపు అవకాశం ఉన్నట్టు. వీఈ (VE) అయితే దానికి అలల తాకిడి కూడా. తర్వాత ఇంటి ఎత్తు కొలతలుండే ఎలివేషన్ సర్టిఫికెట్ అడిగి, వరద మట్టాన్ని కింది అంతస్తు మట్టంతో పోల్చండి. 2024 మార్చి 20 నుంచి అమ్మేవారు వరద వివరాలు రాసివ్వాలన్నది ఇక్కడి చట్టం. సంతకానికి ముందే ఆ కాగితం చదవండి.

మామూలు ఇంటి బీమా వరదకు వర్తించదు. ప్రభుత్వ వరద బీమాలో ఇంటికి 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్లు గరిష్ఠం. రుణంతో ఇల్లు కొనే సందర్భంలో తప్ప, సాధారణంగా 30 రోజుల తర్వాతే అమలవుతుంది. తుపాను వార్త విన్నాక కొంటే అందదు. బేస్‌మెంట్‌లో ఫర్నేస్, వాటర్ హీటర్‌లకు రక్షణ ఉంటుంది. సోఫాలు, కార్పెట్, పూజసామగ్రికి ఉండదు. వెండి దీపాలు, పత్రాలు పై అంతస్తులో పెట్టుకోండి.

న్యూయార్క్ ఉద్యోగులకు ఒక మాట: తీరం వెంట వెళ్లే రైలు మార్గంలో విద్యుత్ తీగలు లాంగ్ బ్రాంచ్‌తో ఆగిపోతాయి. దానికి దక్షిణాన ఉన్న ఊళ్లవారు సాధారణంగా అక్కడే రైలు మారాలి. రూట్ 9 వెంట ఉండేవారికి 139 బస్సే సులువు.

వచ్చే ఏడాది శాండీ హుక్ నడకకు పొద్దున్నే బయల్దేరాలి. వేసవి వారాంతాల్లో పార్కింగ్ నిండితే గేటు మూసేస్తారు. పొడవు ప్యాంటు, మేజోళ్లు వేసుకోండి. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీని తాకకండి. పైపింగ్ ప్లోవర్ పిట్టలు గుడ్లు పెట్టే చోట కట్టిన తాడు దాటకండి. ఇంటికెళ్లాక పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక పిడుదులు పట్టాయేమో చూడండి.